ముసలి కెప్టెన్ లేచిన పేజీ

మా నానమ్మ తుంటి ఎముక విరిగిన ఏడాది, మణుగూరు కాలనీలోని మా క్వార్టర్‌లో సముద్రపు దొంగల గురించి జరిగినంత కొట్లాట ఇంక దేని గురించీ జరగలేదు.

దుమ్ముగూడెం పక్క పల్లెలో వాకిట్లో జారిపడిన మనిషికి భద్రాచలం దవాఖానాలో ఆపరేషన్ చేయించి, నాన్న మా దగ్గరికి తెచ్చాడు. డాక్టర్ ఒకటే మాట చెప్పాడు: వాకర్ పట్టుకుని రోజూ నడవాలి, ఇప్పుడు లేవకపోతే ఇక మంచమే. నానమ్మ లేవనంది. మళ్ళీ పడతానని భయం. అమ్మ బతిమాలింది, నాన్న కసిరాడు, పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి వెళ్ళారు. ఆమె మాత్రం గోడవైపు తిరిగి పడుకుంది. అట్లా చూస్తే నాకు ఏడుపొచ్చేది, ఏడుపు రాగానే కోపమొచ్చేది.

నేనప్పుడు తొమ్మిదో తరగతి, అన్న ఇంటర్. వాడు నెట్ సెంటర్‌లో సముద్రపు దొంగల జపాన్ బొమ్మల కథ ఒకదాన్ని ప్రింట్లు తీయించి, కట్టలుగా పిన్ను కొట్టి తెచ్చేవాడు. ఇంగ్లీషు మాటలు సగమే అర్థమయ్యేవి, మిగతాది బొమ్మలే చెప్పేవి. అందులో ఒకప్పుడు సముద్రాన్ని ఏలిన పాత తరం కెప్టెన్ ఉంటాడు: పొట్టివాడు, బోడిగుండు, భుజం మీద లంగరు గొలుసు. కొత్త తరం కెప్టెన్ నా ఈడు పిల్ల, తెరచాపల మీద కోతిలా గెంతుతుంది. ఇద్దరిలో ఎవరు గట్టి? అన్న ముసలాయన పక్క, నేను పిల్ల పక్క. నానమ్మ మంచం దగ్గరే కూర్చుని అరుచుకునేవాళ్ళం. ఫ్యాన్ ఆ గదిలోనే బాగా తిరిగేది మరి.

"నీ ముసలోని గురించి అందరు చెప్పుకునుడే గాని, ఆయన కొట్టంగ ఒక్క పేజీల చూసినమా?" అన్నాను ఒకరోజు. నా మాటలో న్యాయముంది. పాత తరం బలమంతా పక్కవాళ్ళ భయంలోనే కనిపిస్తుంది. మా పిల్ల దెబ్బలైతే కళ్ళముందే పడుతున్నాయాయె!

గోడవైపు నుంచి గొంతొచ్చింది. "మీ నాయనను నెత్తినెక్కించుకొని నేను వరద నీళ్ళల్ల నడిచిన నాడు, నువ్వు చూసినవానే? చూడలె. గట్లయితే నేను నడవనట్టేనా?"

నానమ్మ మెల్లగా మావైపు తిరిగి, "ఏదీ, ఆ ముసలోని బొమ్మ ఇటు తే" అంది.

ఆ రోజు నుంచి ఆమె అన్న జట్టు. కట్ట తెరిచేముందు ముసలి కెప్టెన్ కోసం ప్రార్థన కూడా చేసేది. "దొంగకు ప్రార్థనేంది నానమ్మా?" అంటే, "ఏసయ్య పక్కన సిలువ మీదున్నది ఎవరే? దొంగ కాదా?" అని నా నోరు మూయించేది.

చివరికి ఆ ఇద్దరు కెప్టెన్ల కొట్లాట వచ్చింది. ఒకే పేజీలో పక్కపక్కన బొమ్మలు. అన్న వేలు పెట్టి చూపిస్తూ పోయాడు. ముసలాయన డెక్కు మీద బోర్లా పడి ఉన్నాడు. తర్వాత మోకాళ్ళ మీద. తర్వాత నిటారుగా, నవ్వుతూ. కట్ట అక్కడితో అయిపోయింది. "లేసిండే!" అని అన్న మంచాన్ని ఒక్క గుద్దు గుద్దాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నానమ్మ వాడి మొహంలోకి చూసి, "ఆ నాలుగు కాళ్ళ కర్ర ఇటు జరుపు బిడ్డా" అంది. వాకర్ అన్నమాట. అమ్మ వంటింట్లోంచి ఉరికొచ్చింది. నానమ్మ లేచింది, వణికింది, వెంటనే కూలబడింది. అయినా నిలబడింది కదా! కోపమంతా మర్చిపోయి భోరున ఏడ్చాను.

తర్వాతి కట్టలో ముసలాయన ఓడ మీద అందరూ ఏడుస్తున్నారు. ఇదేంది అని అన్న నెట్ సెంటర్‌లో అడిగితే, జపాన్ కథల్లో బొమ్మల్ని కుడి నుంచి ఎడమకు చదవాలని ఎవరో చెప్పారట. వాడు మొహం వేలాడేసుకుని వచ్చి నన్ను పెరట్లోకి లాగాడు. "ముసలోడు లేవలేదే. పడ్డడు." అంటే నా పిల్లే గెలిచింది! నేను కేక పెట్టబోతుంటే నోరు నొక్కేశాడు. "నానమ్మకు చెప్పకు. ఇంకా గడపదాక గూడ రాలె. ఇది వింటే మళ్ళ పండుకుంటది."

వాడు కాలేజీకి పోయేవాడు కాబట్టి ఆ భారం నా మీదే పడింది. నడక మొదలుపెట్టే ముందు నానమ్మకు ఆ పేజీ కావాలి. గెలిచిన నా పిల్లను పక్కన పెట్టి, ఆ బోడిగుండును రోజూ నా నోటితోనే లేపాను.

ఒక సాయంత్రం నానమ్మ గడపదాకా వచ్చి, ఆయాసంతో తలుపు పట్టుకుని ఆగింది. "మళ్ళ చూపియ్" అంది. నేను ఎడమ పక్క బొమ్మ మీద వేలు పెట్టాను. ఆమె నా చెయ్యి పట్టుకుని కుడి చివరకు జరిపింది.

"మొదలు ఇది గదనే?"

"నీకెప్పుడు తెలిసింది నానమ్మా?"

"మొదటి రోజే. పడ్డోని మొహం నిండ నెత్తురు, నిలబడ్డోని మొహాన చుక్క లేకపాయె. నీ పిల్లే గెలిచింది పో."

"మరి ఆ రోజు ఎందుకు లేసినవ్?"

"ముసలోడు లేసిండని మీ అన్న మంచం గుద్దిండు గదా. మాలాంటోళ్ళు లేస్తె ఎవరన్న గంత సంబురపడతరని నాకు అప్పటిదాక తెల్వదు బిడ్డా" అని, కర్రను ముందుకు జరిపి, గడప దాటింది.