రెండు ఎడమ కాళ్ళ కుర్చీ

ఆమెకి ఆ పేరు పెట్టింది బావ. గోరంత జరిగితే కొండంత చెబుతుందని మొదట్లో 'కొండంత మరదలు' అనేవాడు. వాడగా వాడగా మరదలు అన్న ముక్క అరిగిపోయి కొండంత మాత్రం మిగిలింది. ఇప్పుడా వీధిలో ఎవరింట్లో కుర్చీ కాలు ఊడినా, తలుపు బిగుసుకుపోయినా 'కొండంతని పిలవండి' అంటారు. అసలు పేరు అడిగితే ఆమె ఇంటికి పార్సిల్ తెచ్చేవాడు కూడా బుర్ర గోక్కుంటాడు.

అలాగని వడ్రంగం ఆమెకి ఉగ్గుపాలతో అబ్బిన విద్యేమీ కాదు. ముప్ఫయ్యేళ్ళు వచ్చేదాకా చెక్కతో ఆమెకున్న సంబంధమల్లా తలుపు సందులో వేలు నలగ్గొట్టుకోవడమే. కాలేజీ మధ్యలో మానేసింది. ఎవరైనా ఆ సంగతి ఎత్తితే, "నేనెక్కడ మానేశాను? నా వేగం అందుకోలేక కాలేజీయే వెనకపడింది" అంటుంది. ఆ తర్వాత ఫోన్ కవర్లు అమ్మింది. పార్సిళ్ళు పంచింది. ఫొటో స్టూడియోలో బిగదీసుకుని కూర్చున్న జనాన్ని నవ్వించే పనిలో కుదిరింది. జనం మరీ విరగబడి నవ్వడంతో ఫొటోలన్నీ చెదిరిపోయి ఆ ఉద్యోగం పోయిందని ఆమె చెబుతుంది. రోజూ ఆలస్యంగా వచ్చేదని స్టూడియో యజమాని చెబుతాడు. రెండూ నిజమే అనుకుందాం, మన సొమ్మేం పోయింది?

ఉండేది అక్క ఇంట్లో. కింద బావ నడిపే లాండ్రీ, పైన రెండు గదులు. కింద మెషిన్లు గిర్రున తిరుగుతుంటే పైన గ్లాసులో నీళ్ళు వణికేవి. ఆ వణుకు మధ్యనే ఒక సాయంత్రం భోజనాల దగ్గర అక్క గొంతు సవరించుకుంది.

"నిన్ను తిట్టాలని కాదే. ఒక్కటి అడుగుతాను. నువ్వు మొదలుపెట్టి పూర్తి చేసింది ఈ ఇంట్లో ఒక్కటుంటే చూపించు."

గది నాలుగు మూలలూ చూసింది కొండంత. సగం అల్లిన స్వెట్టరు, సగం రంగు వేసిన కిటికీ, సగం చదివిన పుస్తకాలు. ఆఖరికి తన ఖాళీ కంచం పైకెత్తి చూపించింది.

బావకి పొలమారింది. అక్క మాత్రం నవ్వలేదు.

"నా కౌంటర్ దగ్గర మనిషి కావాలి" అన్నాడు బావ, దగ్గు ఆగాక. "దుప్పట్లు మడతపెట్టుకుంటూ, నా జోకులు వింటూ జీవితమంతా హాయిగా గడిపెయ్యొచ్చు."

"దుప్పట్లతో నాకు పేచీ లేదు బావా" అంది కొండంత.

ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే అది దుప్పట్ల వల్ల కాదు, జోకుల వల్లా కాదు. అక్క నవ్వకపోవడం వల్ల.

రెండు వీధుల అవతల ఒక వడ్రంగి షెడ్డు ఉంది. దాని గేటుకి ఒక కాగితం అంటించి ఉండేది: 'ఇంటర్న్‌షిప్, మూడు నెలలు. పని నచ్చితే ఉంచుకుంటాం.' ఆ కాగితం ముందు నుంచి ఆమె ఎన్నిసార్లు నడిచిందో లెక్క లేదు. మర్నాడు మాత్రం ఆగి, గేటు తోసింది.

మేస్త్రి పొడుగాటి మనిషి. కనుబొమల మీద ఎప్పుడూ రంపపు పొట్టు ఉంటుంది. "ఇంతకుముందు చెక్క పని చేశావా?" అని అడిగాడు.

"మా ఇంట్లో సామానంతా నేనే చేశానండీ" అంది కొండంత. ఆ ఇంట్లో సామానంతా ఇనుపదీ ప్లాస్టిక్‌దీ.

మేస్త్రి ఆమె అరచేతులు చూశాడు. కాయ అన్నది లేదు. "రేపు పొద్దున్నే రా" అన్నాడు అంతే.

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. మధ్యాహ్నం భోజనాల వేళ ఎవరు తయారు చేసుకున్న పీట మీద వాళ్ళే కూర్చోవాలి. మేస్త్రిది మూడు కాళ్ళ స్టూలు, చేతులు తగిలి తగిలి నల్లగా నున్నగా మెరుస్తుంది. పాలిష్ పని చేసే పెద్దాయనది పొట్టి పీట. ఆయన్ని షెడ్డంతా పాలిష్ బాబాయి అంటుంది. ఆ పీటకి ఎన్ని పూతలు వేశాడంటే, చెక్క ఎప్పుడో పుచ్చిపోయిందనీ ఇప్పుడు అందరూ చూస్తున్నది ఉత్త పాలిషేననీ కొండంత వాదన. ఇంటర్న్‌లకి మాత్రం బోర్లించిన పెయింటు డబ్బా. దాని మీద కాసేపు కూర్చుంటే చాలు, లేచాక ప్యాంటు మీద గుండ్రటి ముద్ర పడుతుంది. అంతకుముందు వచ్చిన వాళ్ళంతా ఆ ముద్రతోనే ఇంటికి వెళ్ళిపోయారని పాలిష్ బాబాయి మొదటి రోజే చెప్పాడు.

"నేను డబ్బా మీద ఎక్కువ రోజులు కూర్చోను బాబాయ్" అంది కొండంత.

"అవును తల్లీ, ఎవరూ ఎక్కువ రోజులు కూర్చోరు" అన్నాడాయన.

మొదట్లో ఉలులు సానబట్టడమే పని. తర్వాత చిత్రిక పట్టడం. చిత్రిక లాగినప్పుడల్లా చెక్క మీంచి పొట్టు రిబ్బను చుట్టలా లేవాలి. ఆమె లాగితే బియ్యపు నూకలా రాలేది. ఇంటికెళ్ళి మాత్రం, తాను సానబట్టిన ఉలి మీద ఈగ వాలి రెండు ముక్కలై ఎగిరిపోయిందని చెప్పింది.

"రెండు ఈగలూ క్షేమమేనా?" అన్నాడు బావ.

"ఒకటి షెడ్డులోనే ఉంది. రెండోది మీ లాండ్రీ వైపు వచ్చింది, చూసుకో."

చెప్పడం అలా చెప్పినా, చేతులకి కాయలు కాశాయి. పొట్టు చుట్టలు చుట్టుకోవడం మొదలైంది. పొద్దున్నే మేస్త్రి కంటే ముందు గేటు దగ్గర నిలబడసాగింది. స్టూడియో యజమాని చూసి ఉంటే కళ్ళు తిరిగి పడేవాడు.

మేస్త్రి పెద్దగా మాట్లాడే రకం కాదు. ఒక్క విషయం మాత్రం పదే పదే చెప్పేవాడు. "జత ఏదైనా సరే, పక్కపక్కన పెట్టు. రెంటి మీదుగా ఒక త్రికోణం గియ్యి. సగం దీని మీద పడాలి, సగం దాని మీద పడాలి. తర్వాత వాటిని ఎటు తిప్పినా ఏది ఎడమో ఏది కుడో గీతే చెబుతుంది."

"గీతలు మతిమరుపు వాళ్ళకి మేస్త్రిగారూ. నేను బుర్రలో గీసేసుకున్నాను."

"బుర్రకి బెజ్జం కొట్టం కదమ్మా. చెక్క మీద గియ్యి."

ఆమె ఆయన చూస్తున్నప్పుడు మాత్రమే గీసేది.

గడువు చివరికొచ్చింది. కళ్ళద్దాల దుకాణం నడిపే ఆవిడ ఒక కుర్చీకి ఆర్డరిచ్చింది. కళ్ళు పరీక్ష చేయించుకునే వాళ్ళు వెనక్కి వాలి కూర్చోవడానికి. మేస్త్రి కొలతల చీటీ కొండంత చేతిలో పెట్టాడు.

"మొత్తం నువ్వే చెయ్యి. శనివారం ఆవిడ వస్తుంది. ఆ రోజుతో నీ మూడు నెలలూ అయిపోతాయి. కుర్చీ చూశాక నీ సంగతి చూద్దాం."

ఇంకేముంది, కొండంతకి పాదాలు నేల మీద ఆనలేదు. కుర్చీ ముందు కాళ్ళు తిన్నగా ఉంటాయి, వాటితో గొడవ లేదు. వెనక కాళ్ళే పైకి సాగి వీపు ఆనే భాగమవుతాయి కాబట్టి వంపు తిరిగి ఉంటాయి. ఆ వంపు ఎంత అందంగా కోసిందంటే పాలిష్ బాబాయి కూడా ఒకసారి వేలితో తడిమి చూశాడు. తర్వాత రెండు కాళ్ళనీ బల్ల మీద ఒకే తీరున పడుకోబెట్టి, పైకి కనిపిస్తున్న ముఖాల్లో అడ్డపట్టీ దిగడానికి బెజ్జాలు కొట్టింది. అంచులు కత్తితో కోసిన సబ్బులా వచ్చాయి. ఈల వేసుకుంటూ కొట్టింది. త్రికోణం గీయలేదు. మేస్త్రి ఆ రోజు ఎవరింటికో మెట్ల కొలతలు తీసుకోవడానికి వెళ్ళాడు.

జిగురు పూయకముందు అన్నీ ఒకసారి ఉత్తినే బిగించి చూసుకోవాలి. బిగించింది. ఎడమ కాలు కుదిరింది. అడ్డపట్టీ దిగింది. రెండో కాలు తెచ్చి పెట్టింది. బెజ్జం లోపలికి చూడాల్సింది పోయి బయటికి, వీధి వైపు చూస్తోంది. తిప్పింది. బెజ్జం లోపలికి వచ్చింది కానీ కాలి వంపు ముందుకి తిరిగి, కూర్చున్న వాళ్ళ వీపు మీద గుద్దేలా ఉంది. తలకిందులు చేసింది. అదింకో వింత. ఒకే కాలికి రెండు చెప్పులు కుట్టినట్టు, రెండూ ఎడమ కాళ్ళే.

పాలిష్ బాబాయి గుడ్డ పక్కన పెట్టి వచ్చాడు. చూశాడు. పెదవి చప్పరించాడు.

"భయపడకు. తప్పు బెజ్జంలో ముక్క దిగ్గొట్టి, అవతలి వైపు కొత్తది కొట్టు. జిగురులో పొట్టు కలిపి సందులు పూడుస్తాను. మీద రెండు పూతలు వేశానంటే ఆ కాలిని కన్న చెట్టు కూడా గుర్తుపట్టదు."

"విరగదూ?"

"నేను పాలిష్ వాణ్ణి తల్లీ. కనబడకుండా చెయ్యగలను. విరగకుండా చెయ్యడం నా శాఖ కాదు."

ఆ కుర్చీలో జనం కూర్చునేదే వెనక్కి వాలడానికి. రెండు వైపులా తొలిచిన కాలు ఎన్నాళ్ళు ఆగుతుంది? అది ఆమెకి తెలుసు. అయినా చెయ్యి ఊరుకోలేదు. బెజ్జంలో దిగ్గొట్టడానికి ఒక ముక్క కోసింది. సుత్తి ఎత్తింది. గేటు కిర్రుమంది. మేస్త్రి.

ఆయన నేరుగా బల్ల దగ్గరికి వచ్చి రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టాడు. బెజ్జాలు రెండూ ఒకే వైపుకి చూస్తూ, తరగతిలో ఇద్దరు బుద్ధిమంతుల్లా ఉన్నాయి.

బుర్ర కంటే నోరు ముందు పరిగెత్తే మనిషి కొండంత. ఆ రోజూ అదే అయింది.

"కావాలనే అలా చేశాను మేస్త్రిగారూ! రెండు కుర్చీలకి వేసుకున్నాను. ఎడమలన్నీ ఒక ఊపులో కొట్టేస్తే చెయ్యి కుదురుతుంది, తర్వాత కుడులు. పెద్ద పెద్ద ఫ్యాక్టరీల్లో పద్ధతి ఇదేనట."

పాలిష్ బాబాయికి ఉన్నట్టుండి దగ్గు పట్టుకుంది.

"ఆర్డరు ఒకటే కదా" అన్నాడు మేస్త్రి.

"రెండోది... చూసేవాళ్ళకి. గేటు దగ్గర పెట్టడానికి."

మేస్త్రి ఒక బెజ్జంలో బొటనవేలు పెట్టి చూశాడు. బల్ల మీదున్న అతుకు ముక్కని చూశాడు. ఆమె చేతిలో సుత్తిని చూశాడు. అతుకు ముక్కని తీసి జేబులో వేసుకున్నాడు.

"మంచి ఆలోచన. రెండు కుర్చీలు. శనివారం."

అంతే. నోటితో చేసేసిన కుర్చీని ఇప్పుడు చేత్తో చెయ్యాలి.

కలప కోసం షెడ్డంతా గాలించింది. వంపు కాళ్ళు రెండు దిగేంత వెడల్పు పలక ఒక్కటే ఉంది. ఒకదాని తల దగ్గర ఇంకొకదాని పాదం వచ్చేలా, వంపులో వంపు ఒదిగేలా గీస్తే సరిగ్గా సరిపోయింది. రంపం జారితే ఇంకో పలక లేదు. కోస్తున్నంతసేపూ నోరు విప్పలేదు. షెడ్డులో రేడియో ఉందన్న సంగతి అందరికీ అప్పుడే తెలిసిందని పాలిష్ బాబాయి తర్వాత చెప్పుకున్నాడు. త్రికోణాలు మాత్రం ఎడాపెడా గీసింది. కాళ్ళ మీద, పట్టీల మీద, ఆఖరికి పొరపాటున తన టిఫిన్ డబ్బా మీద, దాని మూత మీద కూడా, జత తప్పిపోకుండా.

రెండో కుర్చీకి మిగతా భాగాలు తుక్కులోంచి ఏరింది. కూర్చునే పలక ఒక రంగు, ముందు కాళ్ళు ఇంకో రంగు.

ఇంట్లో ఈ సంగతి చెప్పలేదు. భోజనం దగ్గర చెంచా చేతిలో ఉండగానే కునికిపాట్లు పడుతోంది.

"ఏమ్మా, ఇవాళ కొండంత కబుర్లేవీ?" అన్నాడు బావ.

"ఏం లేవు బావా. రెండు కాళ్ళు కోశాను."

బావ అక్క వైపు చూశాడు. అక్క చెల్లెలి నుదురు తాకి చూడమని బావకి సైగ చేసి, అతను కదలకపోతే తనే లేచి తాకింది. జ్వరం లేదు.

శనివారం పొద్దున్న కళ్ళద్దాల ఆవిడ వచ్చింది. మొదటి కుర్చీలో కూర్చుంది, వెనక్కి వాలింది, అటూ ఇటూ ఊగింది. కుర్చీ కిక్కురుమనలేదు. ఆవిడ లేచి పక్కనున్న రంగురంగుల దాని మీద చెయ్యి వేసింది.

"ఇది భలే ఉందే. ఇదే ఇవ్వండి."

"అది అమ్మేది కాదండీ" అన్నాడు మేస్త్రి. మొదటి కుర్చీ మోయించి ఆవిడని పంపేశాడు.

కొండంత ఆయన ఇంకేమైనా అంటాడని చూసింది. ఆయన మెట్ల పని మీద పడ్డాడు. పాలిష్ బాబాయి కూడా తల ఎత్తలేదు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఆమె తన ఉలులు తుడిచి వరసగా పెట్టేసింది, ఎవరికో అప్పగిస్తున్నట్టు. భోజనాల వేళ అందరూ టిఫిన్ డబ్బాలు విప్పారు. ఆమెకి కూర్చోవడానికి ఏమీ కనబడలేదు.

"నా డబ్బా ఏది?"

"దాంట్లో బ్రష్షులు నానబెట్టాను" అన్నాడు పాలిష్ బాబాయి.

"మరి నేనెక్కడ కూర్చోను?"

మేస్త్రి నములుతూనే గడ్డంతో రంగురంగుల కుర్చీ వైపు చూపించాడు.

ఆమె వెళ్ళి కూర్చుంది. కుర్చీ ఒక మూలకి టక్కున ఒరిగింది. ముందు కాలు ఒకటి అట్టముక్కంత పొట్టి. ఆమె చెవులదాకా ఎర్రబడింది.

"సోమవారం వచ్చి ఆ కాళ్ళు సమం చెయ్యి" అన్నాడు మేస్త్రి.

"సోమవారమా? నా మూడు నెలలూ ఇవాళ్టితో..."

"ఒరిగే కుర్చీ వదిలేసి పోతావా?"

"పోను" అంది. అంతకంటే పొడుగు మాట ఆ పూట ఆమె నోట్లోంచి రాలేదు.

ఇంటికెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. తప్పు బెజ్జాల దగ్గర్నించి ఒరిగిన కాలు దాకా. బావ చివరిదాకా కొండ కోసం ఎదురు చూశాడు. రాలేదు. ఆ లోటు అతనికి సహించలేదు. ఆదివారం లాండ్రీకి వచ్చిన ప్రతి మనిషికీ అతనే చెప్పాడు:

"మా మరదలు రెండు కుర్చీలూ ఒకేసారి చేసిందండీ. ఎడమ చేత్తో ఎడమ కాళ్ళు, కుడి చేత్తో కుడి కాళ్ళు!"

పక్కన దుప్పట్లు మడతపెడుతున్న అక్క, "ఆయన మాటలకేం గానీ" అంది. ఇంకో దుప్పటి అంచులు కలిపి దులిపి, బట్టలు తెచ్చినావిడతో మళ్ళీ అంది: "కానీ రెండూ పూర్తి చేసిందండీ."