ఊరికొక ఓటు, పైకొక ఓటు

తెల్లవారుజామున పాలకేంద్రం షట్టరు ఎత్తగానే ఆమె చేసే మొదటి పని, వరుసలో ఉన్న ప్రతి క్యాను మూత తీసి వాసన చూడడం. యంత్రం వెన్నశాతం చెబుతుంది గాని, రాత్రి క్యాను సరిగ్గా కడగలేదన్న సంగతి చెప్పదు. తేడాగా ఉంటే ఆమె ఎవరినీ తిట్టదు. మూత మళ్ళీ బిగించి, "ఇవి ఇంట్లో తోడేసుకో తల్లీ" అని నెమ్మదిగా అంటుంది. ఊరంతా ఆమెను పాలక్క అంటారు. అసలు పేరుతో పిలిచేది మొగుడొక్కడే, అదీ కోపం వచ్చినప్పుడు.

ఆ కేంద్రం ఆమెకు ఇప్పించింది అన్నయ్య. సొంత అన్న కాదు, పెదనాన్న కొడుకు. చాలా ఏళ్ళుగా ఊరి ప్రెసిడెంటు. ఎవరింట్లో చావు జరిగినా గుమ్మం ముందు మొదట కనిపించే చెప్పులు ఆయనవే. ఊరి మంచినీళ్ళ మోటారు చెడిపోతే, మెకానిక్కు వచ్చేలోగా ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి తానే గుంటలోకి దిగేవాడు. పాలక్క మొగుడి కిడ్నీలు చెడిపోయి పెరట్లో పడిపోయిన రోజున, అతన్ని భుజాన వేసుకుని కారు దాకా మోసింది అన్నయ్యే. ఆసుపత్రి వరండాలో నేలమీద కూర్చుని, "ఏడవకు, బావకేం కాదు. చిన్నప్పట్నుంచీ మొండిఘటం" అని ఆమెను నవ్వించబోయి తానే ఏడ్చాడు.

అలాంటి అన్నయ్యకు ఊరి ఎన్నికల్లో ఓటు వేయకపోవడమన్నది ఆమె కలలో కూడా ఉండదు.

పై ఎన్నికల సంగతి వేరు. అన్నయ్యది ఒక పార్టీ, పైన ప్రభుత్వం నడిపేది ఇంకో పార్టీ. ఆ పైవాళ్ళే దగ్గర్లోని పట్నం ఆసుపత్రిలో రక్తం శుద్ధిచేసే యంత్రాలు పెట్టించారు. అంతకుముందు నగరం దాకా వెళ్ళాల్సి వచ్చేది. తిరుగుప్రయాణంలో ఆమె మొగుడు బస్సు కిటికీకి తల ఆనించి దారంతా వాంతులు చేసుకునేవాడు. ఇప్పుడు పొద్దున వెళ్ళి మధ్యాహ్నం భోజనానికి ఇంటికొస్తున్నాడు. ప్రభుత్వం మారితే ఆ యంత్రాలు ఉంటాయో ఊడతాయో ఎవరికి తెలుసు? పాలు పోయడానికి వచ్చే ఆడవాళ్ళకూ ఆ పైవాళ్ళకు ఓటేయడానికి ఎవరి కారణాలు వాళ్ళకున్నాయి. ఒకామెకు అత్త పింఛను, ఒకామెకు కూతురు కాలేజీకి వెళ్ళే బస్సు.

"ఊళ్ళో ప్రెసిడెంటుగారు, పైన వాళ్ళు. ఇందులో తప్పేముందే?" అనేది అందరికంటే ఎక్కువ పాలు పోసే గేదెలామె.

"పుట్టిల్లూ కావాలి, అత్తిల్లూ కావాలి నీకు" అని ఎవరో ఎత్తిపొడిచేవారు.

"ఎందుకు వద్దు? రెండుచోట్లా వంట చేసేది నేనేగా!"

అందరూ నవ్వేవారు. అన్నయ్యకు మాత్రం ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ రాలేదు. పై ఎన్నికలకు ఓటు వేయడానికి పక్క ఊరి బడికి నడిచి వెళ్ళేవారు. అక్కడ రెండు ఊళ్ళ ఓట్లూ ఒకే పెట్టెలో కలిసిపోయేవి. ముసలివాళ్ళు అంతదూరం నడవలేకపోతున్నారని, ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, ఊళ్ళోనే పోలింగు బూతు పెట్టించింది అన్నయ్య.

ఆ బూతులో మొదటిసారి జరిగినవి పై ఎన్నికలు. పోలింగుకు ముందురోజు సాయంత్రం అన్నయ్య పాలకేంద్రానికి వచ్చి, బోర్లించిన క్యాను మీద కూర్చున్నాడు.

"అమ్మాయ్, ఈసారి మన ఊరి లెక్క విడిగా తేలుతుంది. మన బూతులో పార్టీకి ఆధిక్యం రాకపోతే వచ్చే ఊరి ఎన్నికల్లో నాకు పార్టీ మద్దతు ఉండదన్నారు. ఊరు నా వెనకుందని మాటిచ్చి వచ్చాను." ఆమె ముఖంలోకి చూసి, "ఉంది కదా?" అన్నాడు.

ఆయన ఎవరినీ ఏదీ అడిగినవాడు కాదు. ఆమె తలెత్తలేకపోయింది.

"నీ వెనక ఉండక ఎక్కడికి పోతాం అన్నయ్యా?"

"ఆడవాళ్ళకు ఓ మాట చెప్పు. నీ మాటంటే వాళ్ళకు గురి."

"అలాగే."

ఇంటికి వెళ్ళేసరికి మొగుడు మంచం మీద పడుకుని ఉన్నాడు. సూదులు గుచ్చిన చేతికి తెల్లటి గుడ్డపట్టీ. "అన్నం తిన్నావా?" అని అడిగితే, "నువ్వొచ్చాక తిందామని" అన్నాడు. ఆకలితో తన కోసం ఎదురుచూసే మనిషి ఇంట్లో ఉండడమే గొప్ప అనిపించింది ఆమెకు.

మర్నాడు పొద్దున ఆడవాళ్ళు పాలు పోసి వెళ్ళారు. ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు. తాను చేయబోని పని వాళ్ళను చేయమని ఏ నోటితో చెబుతుంది? తన ఒక్క ఓటు ఆసుపత్రికి పోతే ఏం, మిగిలిన ఊరంతా అన్నయ్యకే వేస్తుందిలే అనుకుంది. గేదెలామె కూడా అలాగే అనుకుంది. కాలేజీ పిల్ల తల్లీ అలాగే అనుకుంది. ఎవరికి వాళ్ళు, ఆయన్ని గెలిపించే పని పక్కింటివాళ్ళు చూసుకుంటారనుకున్నారు.

లెక్కింపు రోజున టీ కొట్టు దగ్గర అన్నయ్యకు ఫోను వచ్చింది. ఊళ్ళో ఆయన పార్టీ చిత్తుగా ఓడిపోయింది. ఆయన తిన్నగా పాలకేంద్రానికి వచ్చి, గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నువ్వు కూడానా?"

ఆమె చేతిలోని కొలపాత్రను కడిగిందే కడుగుతూ ఉండిపోయింది. ఆయన కేకలేయలేదు. కేకలేసి ఉంటే కాళ్ళమీద పడి ఉండేది.

"బావ ఒంట్లో ఎలా ఉంది?" అని అడిగాడు చివరికి.

"బాగానే ఉంది."

"సరే" అని వెళ్ళిపోయాడు.

ఊరి ఎన్నికలు వచ్చేసరికి పార్టీ తన మద్దతు సిమెంటు కొట్టు నడిపే ఒకాయనకు ఇచ్చింది. ఆయన కాపురం పట్నంలో. ఊళ్ళో సగం ఇళ్ళు ఎవరెవరివో కూడా ఆయనకు తెలియదు. ఆడవాళ్ళంతా కలిసి అన్నయ్య ఇంటికి వెళ్ళారు. పాలక్క అందరికంటే వెనక నిలబడింది.

"పార్టీ లేకపోతే పీడా పోయె, విడిగా నిలబడండి. మా ఓట్లన్నీ మీకే" అంది గేదెలామె.

అన్నయ్య నవ్వాడు. "మీ ఓట్లు నాకేనని ఎప్పుడూ తెలుసమ్మా. ఆ ధైర్యంతోనే కదా మాటిచ్చాను. ఇంక ఎవరికీ మాటివ్వలేను."

ఎంత బతిమాలినా ఆయన నిలబడలేదు. సిమెంటు కొట్టాయన గెలిచాడు. మోటారు చెడిపోతే ఆయనకు ఫోను చేయాలి, ఎత్తితే అదృష్టం. ఆ ఏడాదే అన్నయ్య ఇంటికి తాళంవేసి, భార్యతోసహా పట్నంలో కూతురి దగ్గరికి మారిపోయాడు. వెళ్ళేముందు ఇంటింటికీ తిరిగి చెప్పాడు. పాలక్క ఇంటికీ వచ్చాడు, ఆమె కేంద్రంలో ఉండే వేళ చూసుకుని. మొగుడితో కాసేపు మాట్లాడి, మంచినీళ్ళు తాగి వెళ్ళాడట.

పట్నంలో యంత్రాలు ఇంకా నడుస్తున్నాయి. ఆమె మొగుడు బాగానే ఉన్నాడు. అతన్ని తీసుకుని పాలక్క వారానికి రెండుసార్లు ఆ ఆసుపత్రికి వెళుతుంది. అన్నయ్య ఉండే ఇల్లు దాని వెనక వీధిలోనే. ఆమె ఇంతవరకు ఆ వీధిలోకి వెళ్ళలేదు.