మడత మేస్త్రి చేసిన మంచం

ఆయన అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ పట్టలేదు. అందరికీ మడత మేస్త్రే. ముప్పై ఏళ్ళుగా ఇరుకు గదుల వాళ్ళకు సామాను చేసిపెట్టిన వడ్రంగి. రాత్రి మంచం తెల్లారితే సోఫా అయిపోవాలి, అల్మారా తలుపు దించితే పిల్లల చదువు బల్ల కావాలి. ముందు కాగితం మీద త్రికోణాలు గీసి, కత్తిరించి, అటూ ఇటూ తిప్పి చూసుకున్నాకే రంపం పట్టేవాడు. కొలతలో నూలుపోగంత తేడా వచ్చినా ఆ రోజు ఇంట్లో ఎవరూ ఆయన్ను పలకరించకపోవడమే మంచిది!

అలాంటి మనిషి భార్యకు నడుము కింద చచ్చుబడింది. ఇక లేవదని ఆసుపత్రిలో చెప్పేశారు. బావమరిది నాన్చకుండా అనేశాడు.

"బావా, నీది ఎనిమిదడుగుల గది. గీసుకునే బల్ల ఉంటే మంచం పట్టదు. బల్ల తీసేస్తే నీకు పని లేదు. అక్కను మా ఇంటికి తీసుకెళ్తా."

"నా పెళ్ళాం నా దగ్గరే ఉంటుంది. పది రోజులు ఆగు" అన్నాడు మేస్త్రి. ఆమె లేని ఇంట్లో ఆయన ఒక్క పూట కూడా ఉండలేడు.

పది రోజులూ కంటి మీద కునుకు లేదు. ఆరు భుజాల బల్ల చేశాడు, సరిగ్గా మధ్యకు రెండు ముక్కలుగా. ఒక ముక్కను పక్కకు జరిపి, ఏటవాలు అంచులు రెండూ కలిపి గొళ్ళెం వేస్తే ఏడడుగుల మంచం. బావమరిది నోరెళ్ళబెట్టాడు. ఆసుపత్రి నుంచి అక్కను తెచ్చి దాని మీద పడుకోబెట్టి వెళ్ళాడు.

మర్నాడు పొద్దున్నే మేస్త్రి పనికి కూర్చోబోయి, మంచాన్ని మళ్ళీ బల్ల చేద్దామని గొళ్ళెం మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆయన సామాను కొన్నవాళ్ళందరూ తెల్లారితే లేచేవాళ్ళు. అన్ని కోణాలూ చూసుకున్నాడు గానీ, ఈ మంచం మీది మనిషి లేవదన్న సంగతి ఆ బుర్రకు తట్టనే లేదు. సిగ్గుతో చచ్చిపోయాడు.

"నాకు నిన్ననే అర్థమైందయ్యా" అంది భార్య మెల్లగా. "నేను పోతే గానీ ఇది బల్ల కాదు. తమ్ముడికి కబురు పెట్టు, వెళ్ళిపోతాను."

"నోరుముయ్యవే!" అని గట్టిగా అరిచాడు. అరిచి, ఏడ్చాడు. తర్వాత మంచం కిందికి దూరి, రెండు ముక్కల్నీ కలిపి పొడవాటి మరలు బిగించేశాడు. ఎనిమిది మరలు. ఇంకెవరూ విడదీయలేరు.

"మరి నీ పనో?"

ఆయన మంచం పక్కనే నేల మీద కాగితం పరిచి, మూలుగుతూ వంగాడు. గుమ్మంలోంచి వచ్చే గాలికి కాగితం లేస్తోంది. ఆమె చెయ్యి కిందికి చాపి దాని అంచు నొక్కిపట్టింది.

"ఊఁ, గియ్యి" అంది.