రెండో కూత

అమరుల దినాన సరిగ్గా పదకొండుకు ఊరంతా మౌనంగా నిలబడాలంటే సైరన్ బాబాయి మీట నొక్కాలి. మొదటి కూతకు మౌనం మొదలు, రెండు నిమిషాల తర్వాత రెండో కూతకు ముగింపు. ఇరవై ఆరేళ్లుగా ఇదే వరస. పొద్దున్నే నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, రేడియోతో గడియారం కలుపుకుని ఫైర్ స్టేషన్ మేడెక్కుతాడు. మీటను చొక్కా అంచుతో తుడిచి, తనే అరవబోతున్నట్టు గొంతు సవరించుకుంటాడు. ఈసారి భార్య గుమ్మానికి అడ్డం నిలబడింది. "సరిహద్దులో ఏదో అవుతోందంటున్నారు. ఇవాళ్టికి సెలవు పెట్టొచ్చుగా?"

"నేను మోగించకపోతే పోయినవాళ్లు ఎవరికి గుర్తొస్తారే?" అని నవ్వేసి వచ్చాడు.

మొదటి కూతకు కింద బజారు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. కూరలావిడ చేతిలో తక్కెడ అలాగే ఉండిపోయింది. బాబాయి గడియారం ముల్లు మీంచి చూపు తిప్పలేదు. ఇంకా నలభై సెకన్లు ఉన్నాయనగా కూత లేచింది. ఉలిక్కిపడి చేతివైపు చూసుకున్నాడు. చెయ్యి మీట మీద లేదు. కూత ఏటి అవతలి నుంచి వస్తోంది. ఆ సైరన్ అతను విన్నది చిన్నప్పుడు ఒక్కసారే, విమానాలొచ్చి బాంబులు వేసిన రోజున.

కింద జనం తలలెత్తారు. కూరలావిడ తూకం పూర్తి చేసింది. "ఈ ఏడు బాబాయి తొందరపడ్డాడర్రా!" అన్నాడు టీకొట్టాయన, అందరూ నవ్వారు. బాబాయి పిట్టగోడ దగ్గరికి ఉరికి, "పారిపోండి!" అని గొంతు చించుకున్నాడు. ఆ కూతలో ఒక్క మాటా కిందికి దిగలేదు. కూరలావిడ తలెత్తి చూసి, నవ్వుతూ చెయ్యి ఊపింది.