అత్త గుండెలో కనబడిన నీడ

మొన్న గుడివాడలో నాకు గుండె స్కాన్ తీయించి ఇంటికి తెచ్చినప్పటి నుంచి, ఫోన్ మోగితే చాలు, మా వాళ్ళు పెరట్లోకి వెళ్ళి మాట్లాడుతున్నారు. ఎవరని అడిగితే ఎవరూ లేరంటున్నారు. మా మేనత్త విషయంలోనూ ఇలాగే మొదలైంది కాబట్టి, నా ఈడువాళ్ళయినా చదువుకుంటారని ఇది రాసిపెడుతున్నాను.

అత్తది చిలకలపూడి. కొన్నేళ్ళ కిందట ఆయాసం వస్తోందంటే ఆవిడ కొడుకు, అంటే మా బావ, స్కాన్ తీయించాడు. గుండె కండరంలో ఒక పక్క నీడలా కనబడింది, అక్కడికి రక్తం సరిగా అందడం లేదన్నారు. కలత పెట్టే మాటేదీ ఆవిడ చెవిన పడకూడదని బావ ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పాడు. ఆ వారంలోనే కోడూరులో ఆవిడ చెల్లెలు పోయింది. కోడూరులో చేపల చెరువు పని మీద వెళ్తున్నామని చెప్పి బావా నేనూ బయల్దేరుతుంటే, అత్త చెల్లెలికిమ్మని డబ్బా నిండా సున్నుండలు పెట్టి, "దానికి పళ్ళు ఊడాయిగా, నెయ్యి దండిగా పోశానని చెప్పు" అంది. ఆ డబ్బా పట్టుకునే చావింట్లో అడుగుపెట్టాం. తిరిగొచ్చాక బావ, "నెయ్యి కాస్త ఎక్కువైందంటమ్మా" అన్నాడు. అత్త నవ్వింది. "అదెప్పుడూ అంతే. వంక పెట్టకుండా తింటే కదా!"

ఆయాసం తగ్గకపోతే ఇంకో డాక్టరు గారికి చూపించాం. ఆయన ఎకో తీసి గుండె గోడల మందం కొలిచి, ఆంజియోగ్రామ్ కూడా చేయించి, రక్తనాళాలు శుభ్రంగా ఉన్నాయన్నారు. ఆ తర్వాత నేను బందరు లైబ్రరీలో రోజుల తరబడి కూర్చుని చదివి అర్థం చేసుకున్నదేమిటంటే, మొదట తీసిన ఆ స్కాన్‌లో నరంలోకి ఎక్కించిన మందు రక్తంతో పాటు కండరంలోకి చేరి బొమ్మలో వెలుగుగా కనిపిస్తుంది. కాని ఆ స్కాన్ తీసే కెమెరా చూపు కాస్త మసక. అందుకని రెంటికీ రక్తం సమంగానే అందుతున్నా, దళసరి గోడ కాంతిగా, పల్చటి గోడ వెలవెలబోతూ కనబడతాయి. ఏళ్ళ తరబడి బీపీతో అత్త గుండె నడిమి గోడ లావెక్కింది. దాని ముందు మామూలు గోడ నీడలా తేలింది. పెద్ద చదువు లేని నేను ఇంత తెలుసుకున్నందుకు పొంగిపోయాను గానీ, ఏం లాభం.

డాక్టరు గారి మాట విన్న సంతోషంలో, ఇక చెప్పినా పర్వాలేదనుకుని, తిరిగొచ్చే ఆటోలోనే బావ అత్తతో ఆవిడ చెల్లెలు పోయిన సంగతి చెప్పేశాడు. అప్పటికి పెద్దకర్మ కూడా అయిపోయింది. అత్త ఏడవలేదు. కొడుకు మొహంలోకి చూస్తూ, "నెయ్యి ఎక్కువైందందన్నావు కదరా" అని మాత్రం అంది.

పుస్తకాలు వెతికిచ్చిన లైబ్రరీ బాబాయికీ, కాగితం మీద బొమ్మ గీసి ఓపిగ్గా చెప్పిన ఆ రెండో డాక్టరు గారికీ, ఏదీ దాచకుండా రాయమన్న బావకూ నా దండాలు. ఒకప్పుడు మేమేం చెప్పినా నమ్మిన అత్త, ఆ తర్వాత బతికినన్నాళ్ళూ, మనవరాలి పెళ్ళి కుదిరిందని నవ్వుతూ చెప్పబోయినా సరే, మమ్మల్ని గుమ్మంలోనే ఆపేది.

"ముందు ఎవరు పోయారో చెప్పండ్రా."