రీస్టార్ట్ చెయ్యనివ్వని మాస్టారు

మా మాస్టారు పోయారని ఆయన కూతురు పొద్దున్నే ఫోన్ చేసి చెప్పింది. అప్పుడే ఆఫీసులో నా బల్ల మీద మేము తయారు చేస్తున్న మానిటర్ ఒకటి ఆగిపోయి ఉంది. దాన్నెవరూ ముట్టుకోవద్దని మావాళ్ళకు చెప్పి, విజయనగరం నుంచి శ్రీకాకుళం బయల్దేరాను.

పాలిటెక్నిక్‌లో మాకు మైక్రోప్రాసెసర్లు చెప్పారాయన. మెషీన్ ఆగిపోతే మా చెయ్యి తిన్నగా స్విచ్ మీదకి పోయేది. ఆయన గుమ్మంలోంచే కేకేసేవారు.

"ఒరే, రీస్టార్ట్ సెయ్యకు. ఏటి జరిగిందో దానికే తెల్సు. ఆపేసి మళ్ళీ ఎలిగిస్తే అంతా మర్సిపోతాది."

ఆ తర్వాత కుర్చీ లాక్కుని, నల్లటి తెర ముందు పెళ్ళిచూపుల్లో పెళ్ళికొడుకులా కదలకుండా కూర్చునేవారు. మేము వెనక నవ్వుకునేవాళ్ళం.

రిటైరయ్యాక ఆయన కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్‌కి వెళితే గంటల తరబడి మంచం మీదే ఉండాలి కదా, అక్కణ్ణించే నాకు ఫోన్ చేసేవారు. మా చిన్న సంస్థ సరిగ్గా ఆ మంచాల పక్కన పెట్టే మానిటర్ తయారు చేస్తోంది. రోగి బీపీ పడిపోతే అది బజర్ మోగించాలి. కానీ దాని కెర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం, ఉన్నట్టుండి కూలిపోయేది. అది కూలితే బజరూ మోగదు. మెమరీలో ఏ జాగా పాడవుతోందో తెలుసు, పాడుచేస్తున్నది ఎవరో తెలీదు. కనిపెడదామని ప్రోగ్రాం నడిచే దారంతా మెసేజీలు ప్రింట్ చేయించాం. వాటి వల్ల వేగం మారి తప్పు మాయమైంది. తీసేస్తే మళ్ళీ వచ్చింది. మావాళ్ళు ఆ ప్రింట్లతోనే పంపేద్దామన్నారు.

ఆ మాట చెబితే మాస్టారికి కోపమొచ్చింది.

"దొంగ దాక్కుంటే పోయినట్టేటి? అలాటిది నా మంచం పక్కన పెడతావా? ఈ జాగాలో ఎవడు రాసినా అక్కడికక్కడే ఆగిపొమ్మని ప్రాసెసర్‌కి సెప్పు. దానికి ఆ ఏర్పాటు ఉన్నాది. కాపలా పెట్టే సోట్లు కొన్నే ఉంటాయి, ఆలోసించి పెట్టు."

పెట్టాను. ఆ కాపలాకి చిక్కే ఆ ఉదయం మానిటర్ ఆగింది. చూసేలోపే ఫోన్ వచ్చింది. సమాధి దగ్గర పాస్టరు గారు ప్రార్థన చేస్తున్నంతసేపూ నా మనసు సగం ఆ తెర మీదే ఉంది. మాస్టారు తప్పు పట్టరు.

తిరిగొచ్చి చూస్తే దొరికింది మేమెవరమూ అనుమానించని బజర్ డ్రైవరు, అంటే బజర్‌ని మోగించే ప్రోగ్రాం. మోగడం అయిపోయి, మెమరీలో తన జాగా వదిలేశాక కూడా అక్కడే రాస్తోంది. ఆ జాగా అప్పటికే ఇంకొకరికి వెళ్ళిపోయింది. సంతోషంతో ఫోన్ తీసి ఆయన నంబరు దాకా వెళ్ళాను. అప్పుడు ఏడుపొచ్చింది. ఏడ్చి, ముఖం కడుక్కుని, డ్రైవరు సరిదిద్దడానికి కూర్చున్నాను. ప్రింట్లన్నీ పీకేశాం. వారాల తరబడి నడిపి, ఆగదని తేలాకే బయటికి పంపాం.

మొదటి మానిటర్ కోటబొమ్మాళి దగ్గర ఒక డయాలసిస్ గదికి వెళ్ళింది. నేనే బిగించాను. మంచం మీద ఉన్న పెద్దావిడ నన్నే చూస్తోంది.

"ఏటి బాబూ, మద్దిలో ఆగిపోదు గదా ఇది?"

"ఆగదమ్మా."

ఆవిడ నన్నోసారి, తెరనోసారి చూసి, చీర చెంగు ముఖం మీదకి లాక్కుని నిద్రపోయింది.