బెరడక్క పోయనన్న కషాయం

కలప అడితిలో దుంగల మీది బెరడు ఒలిచే పని ఆమెది. ఇరవై రెండేళ్లుగా అదే పని, అదే బాడిసె. పిడి మాత్రం మూడుసార్లు మారింది. ఆమె అసలు పేరు అడితిలో సగం మందికి తెలియదు. అందరికీ బెరడక్కే.

నేరేడు దుంగ దిగిన రోజు ఆమెకు సంతోషంతో ఒళ్లు తెలిసేది కాదు. లోపలి పొర ఎర్రగా ఉన్న ముక్కలు ఏరి, గోనెపట్టా మీద నీడన ఆరబెట్టేది. వాటిని మరిగించి వడగట్టిన నీళ్లు కడుపులో మంటకు మంచివని వాళ్లమ్మ నేర్పింది. గుమాస్తాకైనా, లారీ డ్రైవరుకైనా, అడిగిన వాళ్లకు మధ్యాహ్నం అరగ్లాసు పోసేది. పోసి ఊరుకునేదా? "తాగేసి లేచిపోతే కుదరదు, కూర్చుని నాలుగు ముద్దలు తినాలి" అని కదలనిచ్చేది కాదు.

ఆమె మాట చెవిన పెట్టనిది రంపం మేస్త్రీ ఒక్కడే. పొద్దుటి నుంచి ఖాళీ కడుపున టీ మీద టీ, నడుంనొప్పికి మందుల షాపు మాత్రలు. కడుపు పట్టుకుని మెలికలు తిరిగేవాడే గాని కషాయం ముట్టేవాడు కాదు.

"చెక్క నీళ్లు తాగడానికి నేనేమన్నా చెదపురుగునా అక్కా?" అనేవాడు. అందరూ గొల్లున నవ్వేవారు. ఆమే ముందు నవ్వేది.

ఒక సోమవారం ఉదయం ఉన్నట్టుండి రంపం చప్పుడు ఆగిపోయింది. మేస్త్రీ దుంగ మీద ముడుచుకుని కూర్చున్నాడు. ముఖం పాలిపోయింది, ఒళ్లంతా చెమట.

"అక్కా, నువ్వే గెలిచావు. ఆ కషాయమేదో ఇలా తే."

ఆమె పోయబోయి ఆగింది. దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "దొడ్డికెలా పోతోంది? నల్లగానా?"

"ఛీ, నలుగురిలో ఏం ప్రశ్నలక్కా అవి!"

"సిగ్గు తర్వాత పడుదువు గాని, చెప్పు."

"రెండ్రోజులుగా తారులా..." అని గొణిగాడు.

ఆమె గ్లాసు కింద పెట్టేసింది. "అయితే నీకు పోయను. పద, ఆసుపత్రికి."

"ఇన్నేళ్లూ తాగు తాగు అని ప్రాణం తోడేశావు. తీరా అడిగితే పోయనంటావా!"

"వట్టి మంటయితే పోసేదాన్నే. ఇది లోపల నెత్తురు కారడం. మా నాన్నకు ఇలాగే అయితే, మా అమ్మ మరుగుతున్న గిన్నె పొయ్యి మీదే వదిలేసి ఆయన్ని డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. లే."

లారీలోనే తీసుకెళ్లారు. కడుపులో పుండు పడి రక్తం పోతోందని, ఇంకొక్క రోజు ఆగితే కష్టమయ్యేదని డాక్టరమ్మ చెప్పింది. నడుంనొప్పి మాత్రలూ అందుకు కారణమేనట. ఐదు రోజులు మంచం, రెండు నెలలు మందులు.

మందులు అయిపోయిన మర్నాడు మేస్త్రీ తిన్నగా ఆమె దగ్గరికొచ్చాడు.

"డాక్టరమ్మనే అడిగానక్కా. కావాలంటే పల్చగా తాగు, మంట మళ్లీ వస్తే మాత్రం నా దగ్గరికే రా, వేళకు తిను అంది."

"నా మాటలన్నీ ఆవిడే అనేసిందే!" అంటూ అరగ్లాసు పోసింది.

అతడు ఒక్క గుక్క తాగి ముఖం చిట్లించాడు. "అబ్బ, ఏం వగరక్కా! నాలుక అంగిట్లో అతుక్కుపోయింది."

"కాసేపు మాకు ప్రశాంతంగా ఉంటుంది."

ఆ మధ్యాహ్నం ఇద్దరూ పలకల దొంతి మీద కూర్చుని డబ్బాలు విప్పారు. భార్య కారం తగ్గించి వండిన కూర అతడు ఒక గరిటెడు ఆమెకూ వేశాడు. మరీ చప్పగా ఉంది. బెరడక్క బాగుందనే చెప్పి, మరికాస్త వేయించుకుంది.